నంద్యాల దారిలో ఆగిపోయే కారు

మా కారు ఆగిపోవడానికి ఒక పద్ధతి ఉండేది. ఇంటి ముందు ఆగదు, పెట్రోలు బంకులో ఆగదు, నీడ ఉన్న చోట అసలే ఆగదు. ఆళ్లగడ్డలో బయలుదేరి, శిరివెళ్ల దాటి, రెండు పక్కలా శనగ కోసేసిన నల్లరేగడి చేలు తప్ప ఇంకేమీ కనబడని చోటికి వచ్చాక, ఎండ సరిగ్గా నడినెత్తికి చేరాక, రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయేది. తాళం తిప్పితే ఇంజను గరగరా తిరిగేది, అంటుకునేది కాదు. అరగంట ఊరుకుంటే దానంతట అదే లేచి, ఏమీ జరగనట్టు నంద్యాల దాకా పోయేది. ఇంత తెలివైన కారును నేనెక్కడా చూడలేదు.

కారు తోలేది నేను. వెనక సీట్లో మా ఆయన పడుకుని ఉండేవాడు. ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయవు. రోజు విడిచి రోజు నంద్యాలకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. మన వేళకు మనం పోకపోతే ఆ మంచం మీద తర్వాతి మనిషిని పడుకోబెడతారు. వాళ్లను అనడానికి లేదు, ఆ తర్వాతి మనిషి కూడా మా ఆయన లాంటివాడే. ఆలస్యంగా పోతే సాయంత్రం దాకా కాచుకుని, మిగిలిన సమయంలో సగం సగం చేయించుకుని రావాలి. సగం చేసిన రోజు ఒంట్లో నీరు సగమే పోతుంది. మర్నాటికి కాళ్లు ఉబ్బి, మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయేవాడు.

మాకు పిల్లలు లేరు. నేను ఆళ్లగడ్డలో బడిపంతులమ్మను. సెలవులన్నీ ఆ రోడ్డు మీదే ఖర్చయ్యాయి. కారు తోలడం నేర్చుకున్నది కూడా ఆయనకు జబ్బు వచ్చాకే. మొదట్లో ఆయన ముందు సీట్లో కూర్చుని నేర్పించాడు. తర్వాత తర్వాత కూర్చునే ఓపిక పోయి వెనక్కు మారాడు. ఆ మారిన రోజు ఆయన మొహం నాకు బాగా గుర్తుంది. సొంత కారులో సామాను మాదిరి పడుకుని పోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో, నోరు విప్పి చెప్పకపోయినా తెలిసింది.

జబ్బు పడక ముందు ఆయన రైతు. కానీ చుట్టుపక్కల జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేది పైరు సంగతి అడగడానికి కాదు. బోరు మోటారు లేవకపోతే, స్టార్టరు డబ్బాలో బర్రుమని చప్పుడు వస్తే, ఫ్యూజు నిలవకపోతే ఆయనకే కబురు. ఎక్కడా చదువుకోలేదు, ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి చూసి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాడు. అన్నం కలుపుకున్న చేత్తోనే లేచిపోయేవాడు.

"ఆ రెండు ముద్దలూ తిని పో" అంటే, "ఆడ మడి ఎండుతాంది మే, ముద్దలు యాడికి పోతాయి?" అనేవాడు.

ఆ మనిషికి ఇప్పుడు పొలం కౌలుకిచ్చేసి, ఇంట్లో గోడ చూస్తూ కూర్చునే బతుకు వచ్చింది. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి, సూదులు గుచ్చడానికి నరాన్ని సిద్ధం చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తగూడదు, గట్టిగా దేన్నీ పట్టగూడదు. నీళ్లు గ్లాసుతో కొలిచి తాగాలి. ఉప్పు లేదు, పండు లేదు, పప్పు లేదు. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఎవరికీ పనికిరాకుండా ఉండడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు. డాక్టర్లు మిషను గురించి చెప్పారు గానీ, చేతికి ఏదో ఒక పని లేకపోతే ఈ మనిషి నిలవడని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

అందుకే ఫ్యాను సంగతి వచ్చినప్పుడు నేను అడ్డం చెప్పలేదు.

మా కారు పాతది. అందులో ఏసీ ఎప్పుడో పోయింది. మార్చి వచ్చిందంటే వెనక సీటు పెనం మాదిరి కాలేది. దాహమైనా నీళ్లు తాగగూడని మనిషి అందులో పడుకుని నంద్యాల దాకా పోవాలి. ఒకరోజు డయాలసిస్ అయ్యాక ఆయన నన్ను ఒక దుకాణం దగ్గర ఆపమన్నాడు. లారీల్లో డ్రైవర్ల మొహం ముందు తిరుగుతుండే చిన్న ఫ్యాను ఒకటి, కాస్త వైరు, ఒక స్విచ్చు కొనిపించాడు.

"మెకానిక్‌తో పెట్టిద్దాం" అన్నాను.

"దీనికి మెకానిక్ ఏందీ? మోటార్లు లేపినోన్ని, ఈ బొమ్మ ఫ్యాను తిప్పలేనా?" అన్నాడు.

మర్నాడు ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి కారు మూత ఎత్తి ఉంది. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, వైరు చివర పళ్లతో పట్టుకుని, కుడి చేత్తో దాని తోలు ఒలుస్తున్నాడు. నన్ను చూడగానే టార్చి చేతికిచ్చాడు. అక్కడి నుంచి పొద్దుగూకే దాకా నేను ఆయన కింద కూలి మనిషినే.

"లైటు ఈడ పట్టు. యాడ చూస్తాండావ్?"

"నీ మొహమే చూస్తాండా."

"నా మొహంలో ఏముండాది? వైరు చూడు."

ఎన్నో నెలల తర్వాత ఆయన నన్ను కసిరాడు. అంత హాయిగా నేను ఎప్పుడూ తిట్లు తినలేదు. వైరు సీటు కింద నుంచి ఎక్కడా కనబడకుండా లాగాడు. మూత ఎలాగూ తీశాం కదా అని బ్యాటరీ చుట్టూ ఉన్న తెల్లటి బూజు తుడిచాడు, బోల్టులన్నీ విప్పి మళ్లీ బిగించాడు, పాతబడిన చోటల్లా కొత్త టేపు చుట్టాడు. చివరికి స్విచ్చు వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. వెనక సీట్లో పడుకుని, గాలి మొహానికి తగులుతుంటే కళ్లు మూసుకున్నాడు. నన్ను కూడా పడుకుని చూడమన్నాడు. పడుకుని చూశాను. గాలి బాగానే వచ్చింది.

ఆ వారంలోనే కారు మొదటిసారి ఆగింది.

మొదటిసారి ఏదో వేడికి అనుకున్నాం. రెండోసారి పెట్రోలులో నలక అనుకున్నాం. మూడోసారి ఆగినప్పుడు ఆయన సగం డయాలసిస్‌తో ఇంటికొచ్చాడు. మర్నాడు కుర్చీలోంచి లేవలేక నా భుజం పట్టుకున్నాడు. నాకు భయం పట్టుకుంది. కోయిలకుంట్లలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి సొంత కారు ఉంది, రిపేర్ల సంగతి కొంచెం తెలుసు.

"అక్కా, ఫ్యాను పెట్టకముందు ఎప్పుడన్నా ఆగిందా?"

"లేదు."

"ఇంకేముండాది? బావ పెట్టిన ఫ్యానే. ఆ వైరు పీకి పారేయ్."

వాడు చెప్పింది నాకు తోచనిది కాదు. మొదటిసారి ఆగినప్పుడే తోచింది. కానీ ఆ మాట మా ఆయనతో అనడానికి నోరు రాలేదు. ఆయన చేసిన పని మీద ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. ఈ స్థితిలో, చేతికి ఒక్క పని దొరికితే, ఆ పనే నిన్ను మిషను దగ్గరికి పోనివ్వడం లేదని ఎలా చెప్పాలి? ఆటోలు మాట్లాడుకుని పోదాం, బాడుగ కారు చూద్దాం అని ఏదేదో చెప్పాను. ఆయన వినలేదు. "బండి పెట్టుకుని బాడుగకు పోతామా?" అన్నాడు.

చివరికి డయాలసిస్ జరుగుతుండగా కారును నంద్యాలలోనే ఒక షెడ్డుకు తీసుకుపోయాను. మెకానిక్ అన్నీ చూశాడు. సమస్యేమిటంటే, షెడ్డు నీడలో కారు బంగారంలా నడిచింది. వాడి ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం మా ఆయన్ను ఎక్కించుకుని, ఊరు దాటే ముందు మళ్లీ షెడ్డుకు పోయాం. పెట్రోలు ఫిల్టరు, ఇంకేదో చిన్న భాగం మార్చానని చెప్పి, మెకానిక్ వెనక సీటు వైపు వంగి చూశాడు.

"ఈ ఫ్యాను ఎవరు పెట్టినారు మేడం?"

నేను ఏదో అనబోయే లోపల, సీట్లో పడుకున్నాయన, "నేనే పెట్టినా" అన్నాడు.

"ఇంట్లో ఇట్ల వైర్లు లాగగూడదన్నా. బండి కరెంటు వేరే, మోటరు కరెంటు వేరే."

అతను మర్యాదగానే చెప్పాడు. డయాలసిస్ అయిన సాయంత్రాల్లో ఆయనకు మాట్లాడే ఓపిక ఉండదు. దారిలో నేనే ఆ మెకానిక్‌ను తిట్టిపోశాను. అన్నిటికీ మనమే దొరికామా, ఆ ఫిల్టరు మాత్రం ఇన్నాళ్లూ ఎవరు చూశారు, అని. ఆ సాయంత్రం ఆయన ఫ్యాను వేయలేదు.

ఫిల్టరు మార్చినా కారు ఆగింది. ఆ మర్నాడు పొద్దున నేను నిద్ర లేచేసరికి ఆయన కారులో ఉన్నాడు. ఫ్యాను విప్పేశాడు, వైరంతా వెనక్కి లాగి చుట్టగా చుట్టాడు. సీటు కింద తొలిచిన రంధ్రానికి కూడా టేపు అంటించాడు. అన్నీ తెచ్చి బియ్యం డ్రమ్ము పైన అటక మీద పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నేను కాఫీ ఇస్తే చల్లారే దాకా అట్లాగే పట్టుకున్నాడు. ఆ రోజు ఆయనతో మాట్లాడడానికి నాకు భయమేసింది.

తర్వాతి ప్రయాణంలో, ఫ్యాను లేకుండా, శిరివెళ్ల దాటినాక, అదే చోట, కారు రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయింది.

వెనక సీట్లో కదలిక. అద్దంలో చూస్తే ఆయన మోచేతి మీద లేచి కూర్చుంటున్నాడు. మొహమంతా నవ్వు.

"ఇప్పుడేమంటాడు మే, మీ షెడ్డాయన?"

"మా షెడ్డాయన ఏందీ?"

"మీ తమ్మునికి గూడా చెప్పు. ఫ్యాను అటక మీద ఉండాది, బండి రోడ్డు మీద ఉండాది అని చెప్పు."

మా తమ్ముడితో నేను మాట్లాడింది ఆయన విన్నాడని అప్పుడు తెలిసింది. చేలల్లోంచి సెగ కొడుతోంది. నంద్యాలలో మా మంచం మీద ఇంకొకరు పడుకుంటున్నారని తెలుసు. అయినా ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వలేక దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు. ఆ రోజు కూడా సగం డయాలసిస్సే. ఇంటికొచ్చాక నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆయన మాత్రం ఆ పాదాల వాపుతోనే హాల్లో కూర్చుని ఎవరికో ఫోన్లో మోటారు సంగతి గట్టిగా చెబుతున్నాడు.

అక్కడి నుంచి కారు ఆయన చేతిలోకి వచ్చింది. ముట్టుకోలేదు, కానీ దాని గురించే ఆలోచన. ఆగిన ప్రతిసారీ నాకు పరీక్ష పెట్టేవాడు.

"ఆగకముందు ఏం నొక్కినావ్?"

"ఏం నొక్కలేదు."

"బ్రేకు?"

"తొక్కలేదు."

"ఊరికే చెప్పాకు. గుర్తు చేసుకుని చెప్పు."

పిల్లలను ప్రశ్నలడిగే ఉద్యోగం నాది. నన్ను ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ విచారణ తట్టుకోలేక ఒకసారి దిగి ఆటో ఎక్కుతానన్నాను. ఆయన పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని చప్పుళ్లు వినేవాడు. కొన్నాళ్లకు ఒక సంగతి పట్టుకున్నాడు. కారు ముందు భాగంలో నీళ్ల ట్యాంకును చల్లబరిచే ఫ్యాను ఉంటుందట. ఇంజను బాగా వేడెక్కాక అది తనంతట తాను తిరగడం మొదలుపెడుతుందట. సరిగ్గా అది తిరగబోయేటప్పుడే మా కారు చస్తోంది.

"అది కరెంటు ఎక్కువ గుంజుతాంది. అప్పుడు ఇంకోదానికి చాలడంల్యా. పెట్రోలు తోడే మోటరుకు చాలక, ఇంజను ఆగిపోతాంది."

"అయితే బ్యాటరీ మారుద్దాం."

"బ్యాటరీ కాదు. ఇంకేందో ఉండాది" అన్నాడు.

మాట్లాడుతున్నంత సేపూ ఆయన కళ్లల్లో పాత మనిషి ఉండేవాడు. ఈ కారు బాగుపడాలని నేను రోజూ ప్రార్థన చేస్తూ, బాగుపడితే ఈ మనిషికి మళ్లీ ఏ పని వెతకాలా అని కూడా అనుకునేదాన్ని. రెండూ నిజమే.

అదేందో తేలే రోజు కూడా వచ్చింది. మధ్యలో పండగ వచ్చి డయాలసిస్‌కు మామూలు కంటే ఎక్కువ ఎడం పడింది. ఆయన ఒంట్లో నీరు బాగా చేరింది. పడుకుంటే ఊపిరి ఆడక వెనక సీట్లో కూర్చునే ఉన్నాడు. శిరివెళ్ల దాటాం. కారు గుక్కపట్టింది. నేను పక్కకు లాగాను. అది ఆగింది.

నేను ఫోన్ తీశాను, ఏదో ఒక ఆటోను పిలవాలని. ఆయన తలుపు తెరిచి కాళ్లు కిందికి పెట్టాడు.

"కాసేపు ఉండు. మూత ఎత్తు."

"మూత గీత వద్దు. నీ ఊపిరి చూసుకో."

"ఎత్తు మే. చల్లారితే మళ్లా దొరకదు ఇది."

మూత ఎత్తాను. ఆయన కారు పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ముందుకొచ్చి, తువ్వాలు తల మీద వేసుకుని నిలబడ్డాడు. నన్ను పోయి సీట్లో కూర్చోమన్నాడు.

"తాళం తిప్పు."

తిప్పాను. ఇంజను గట్టిగానే తిరిగింది, అంటుకోలేదు.

"చూడు, ఎంత బలంగా తిప్పుతాందో. బ్యాటరీ బాగుండాది. ఇప్పుడు హారన్ కొట్టు."

కొట్టాను. మేకపిల్ల అరిచినట్టు సన్నగా వచ్చింది.

"లైట్లు వెయ్."

వేశాను. ఆయన వంగి చూసి, పట్టపగలు కాబట్టి చేతులు అడ్డం పెట్టుకుని మళ్లీ చూశాడు. దీపాలు మసగ్గానే వెలుగుతున్నాయన్నట్టు తల ఊపాడు. ఆయనకు ఊపిరి అందడం లేదు, అయినా మొహంలో సంతోషం. నేను దిగి పక్కకు వచ్చాను.

"బ్యాటరీ ఒకటే గదా. ఇంజను తిప్పేదానికి అంత బలం వస్తాంది, హారన్‌కు రాలేదు. ఎందుకూ?"

"నాకేం తెల్సు. టైం అయిపోతాంది."

"పోయే కరెంటు బాగనే పోతాంది. తిరిగొచ్చే దారి ల్యా దానికి. కారులో హారన్‌కైనా లైటుకైనా ఒక వైరే పోతాది. ఇంజనుకు ఉన్నట్టు వేరే రెండో వైరు ఉండదు. ఈ ఇనుము మీదనే తిరిగొస్తాది. కారు బాడీనే దానికి..."

బాడీ అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

నేను ఆయన మొహం చూశాను. సంతోషమంతా ఎక్కడికో పోయింది. బ్యాటరీ పక్కన, కింద ఒక చోటే చూస్తూ నిలబడ్డాడు. ఒక లారీ మా పక్కగా పోయింది. దుమ్ము మీద పడినా కదల్లేదు.

ఆయన నాన్న స్టార్టరు డబ్బా ముట్టుకుని చనిపోయాడు. మా వైపు దాన్ని బాడీ రావడం అంటారు. లోపలి వైరు ఎక్కడో ఇనప డబ్బాకు తగిలి, డబ్బా అంతా కరెంటు వస్తుంది. తడి మడిలో కాళ్లు పెట్టి ఆ డబ్బా తలుపు తెరవబోయాడు, అంతే. అప్పటికి మా ఆయన చిన్నవాడు. ఆ రోజు నుంచి, ఏ వైరైనా సరే, ఇనుముకు తగిలేలా కనిపిస్తే మధ్యలో సైకిలు ట్యూబు ముక్క పెట్టకుండా వదలడు. మోటార్ల జోలికి పోయే రైతులందరికీ కొంచెం ఉండే అలవాటే ఇది. ఈయనకు మాత్రం ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా ఉండేది. ఆయన చెయ్యి పడిన డబ్బా దగ్గర ఎవరికీ షాకు కొట్టలేదని జనం చెప్పుకునేవాళ్లు. అది విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

"పానా తీసుకో. బ్యాటరీ పక్కన, నల్లటేపు చుట్టిన బోల్టు. దాన్ని విప్పు" అన్నాడు.

టేపు ఎంత శుభ్రంగా చుట్టాడంటే, అది కంపెనీ నుంచే అట్లా వచ్చిందనుకుంటారు. మెకానిక్ అందుకే అనుమానించలేదేమో. గోటితో టేపు లాగి, బోల్టు విప్పాను. బ్యాటరీ నుంచి వచ్చిన లావుపాటి వైరు చివర ఆ బోల్టు కింద ఇనుముకు ఆనుకుని ఉండాలి. దాని కింద గుండ్రంగా కత్తిరించిన సైకిలు ట్యూబు ముక్క ఉంది. పైన ఇంకొకటి. చిల్లు కూడా బోల్టుకు సరిపోయేలా తొలిచాడు.

"నేనే పెట్టినా" అన్నాడు. "ఫ్యాను పెట్టిన రోజు. వైరు పోయి బాడీకి తగులుతాంది గదా అని. వెనక సీట్లో నేనుంటా, ముందర నువ్వుంటావు అని."

నేను ఆ ముక్కలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నాకు షాకు కొట్టగూడదని పెట్టినవి అవి. కోపం రాలేదు. దుఃఖం వచ్చింది.

"తీసేయ్. కింద ఇనుము తెల్లగా వచ్చేదాంకా గీకు. టేపు బంక కూడా ఉండగూడదు" అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

తాళంచెవితో గీకాను. బోల్టు బిగించాను. హారన్ కొట్టి చూడమన్నాడు. కొట్టాను. రోడ్డు దిగువన మేస్తున్న గొర్రెలు చెదిరిపోయాయి. తాళం తిప్పితే కారు ఒక్కసారికే లేచింది. నేను ఆయన్ను పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాను. అయ్యలూరు మెట్ట దాటాం. ఇంజను ముందరి ఫ్యాను తిరగడం వినబడింది. కారు ఆగలేదు.

వేళకు పోయాం. ఆ రోజు ఆయనకు పూర్తి డయాలసిస్ జరిగింది. నేను పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం తిరిగి వస్తుంటే నేనే మొదలుపెట్టాను.

"నువ్వే కదా కనుక్కున్నావ్. షెడ్డాయన కనుక్కోలేదు, మా తమ్ముడు కనుక్కోలేదు."

"చెడగొట్టినోడు కనుక్కుంటే అదేం గొప్ప మే?"

"తెలీక చేసినావ్."

"తెలీనోడు ముట్టుకోగూడదు. ఆ రోడ్డు మీద నా ఊపిరి ఆగింటే నువ్వొక్కదానివే ఉంటావు ఆడ. ఏం చేసుంటావ్?"

ఎవరికీ చెప్పను, షెడ్డులో బాగైందని చెబుతా అన్నాను. మా తమ్ముడు ఫోన్ చేస్తే అట్లాగే చెప్పాను కూడా.

కారు ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. మంచిదే కదా అని నేను సంతోషపడాలి. ఆయన పూర్తి డయాలసిస్‌తో ఇంటికొస్తున్నాడు, కాళ్ల వాపు తగ్గింది. కానీ మోటారు లేవలేదని ఎవరైనా ఫోన్ చేస్తే, "కరెంటు పని చేసేటోళ్లను పిలిపిచ్చుకోప్పా" అని పెట్టేస్తున్నాడు. ఫ్యాను మళ్లీ పెట్టుకో, నేను లైటు పడతా అన్నాను. వద్దులే, చల్లగానే ఉండాది అన్నాడు. బయట ఎండకు తారు కరుగుతోంది. నేనే పెడతా, ఎట్లా పెట్టాలో చెప్పు అన్నా వినలేదు. కారులో ఏదైనా చప్పుడు వస్తే ఇదేందో చూడు అంటాను. కళ్లు తెరవకుండానే "షెడ్డులో చూపీ" అంటాడు. కొన్నిసార్లు శిరివెళ్ల దాటాక, ఒక్కసారి ఆగితే బాగుండని నాకు అనిపిస్తుంది. అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను.

మొన్న వానలకు హాల్లో స్విచ్చు బోర్డు నుంచి కాలిన వాసన వచ్చింది. నేను బడిలో ఉండగా ఫోన్ చేసి, ఎవరినన్నా పంపించు అన్నాడు. ఒకప్పుడైతే నేను ఇంటికొచ్చేసరికి బోర్డు విప్పి నేల మీద పరిచి ఉండేవాడు. సాయంత్రం ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వచ్చాను. ఆయన గది మూలన కుర్చీలో, నడవని టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, లోపలికి చూసి, మాడిన స్విచ్చు ఒకటి తీసి పక్కన పెట్టాడు. తర్వాత టార్చి వేసి మళ్లీ చూశాడు.

"వైర్లు ఎంత బాగ సర్దినారన్నా. ఒక్క అతుకు లేదు. ఈ పని చేసింది ఎవరన్నా?"

నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఈ ఇల్లు మేము పునాది నుంచి కట్టుకున్నది. గోడలకు సిమెంటు పూయకముందు, పొలం పని అయ్యాక రోజూ వచ్చి, ఇంట్లో ప్రతి వైరూ ఆయనే లాగాడు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లందరికీ బోర్డులు విప్పి చూపించాడు, అన్నం చల్లారిపోతోందని నేను మొత్తుకుంటున్నా వినకుండా.

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"తెలీదప్పా. మేం కొన్నప్పటికే ఉండె" అన్నాడు.

తర్వాత నా వైపు చూశాడు, కాదని చెప్పొద్దన్నట్టు. నేను చెప్పలేదు.